ఇంగ్లండ్‌లో ఇంటి ఫైలు ఎవరి చేతిలో పెట్టాలి?

మీ ఆఫర్ ఒప్పుకున్నారని చెప్పడానికి ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేస్తాడు. ఆ వెంటనే, "మీ సొలిసిటర్ ఎవరు?" అంటాడు. సొలిసిటర్ అంటే ఇంటి కొనుగోలు కాగితాల పనంతా మీ తరఫున చూసే లాయరు. ఇంకా ఎవర్నీ చూసుకోలేదంటే, "మాకు తెలిసినవాళ్లు ఉన్నారు, ఫీజు కోట్ పంపించమంటారా?" అని అడుగుతాడు. ఇల్లు చేజారిపోతుందేమోనన్న కంగారులో చాలామంది అక్కడే సరేననేస్తారు. ఆ సంస్థ మంచిదే అయ్యుండొచ్చు. కానీ ఆ పరిచయానికి సాధారణంగా ఏజెంట్‌కి రెఫరల్ ఫీజు ముడుతుంది, అది చివరికి తేలేది మీ బిల్లులోనే. ఎంత ముడుతుందో అడగండి, దాచడానికి వీల్లేదు. "వాళ్లని పెట్టుకుంటేనే పని తొందరగా అవుతుంది" అన్న మాటని మాత్రం పట్టించుకోకండి. ఎవరిని పెట్టుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం.

ఈ తంటా లేకుండా ఉండాలంటే, బ్యాంకు నుంచి అగ్రిమెంట్ ఇన్ ప్రిన్సిపుల్ (ఇంత లోను ఇవ్వగలమన్న ముందస్తు మాట) తెచ్చుకున్న వారంలోనే రెండు మూడు సంస్థల నుంచి కోట్ తెప్పించి పెట్టుకోండి. ఇల్లు దొరక్కముందు అడిగినా ఇస్తారు.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్ పద్ధతి. స్కాట్లాండ్‌లో చట్టమే వేరు. వేల్స్‌లో స్టాంప్ డ్యూటీ స్థానంలో వేరే పన్ను, వేరే రేట్లు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లు కొన్న అలవాటుతో వచ్చినవాళ్లని రెండు విషయాలు తికమక పెడతాయి. ఒకటి, కాగితాలు. ముప్పై ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్ల కట్ట, లీగల్ ఒపీనియన్ ఏవీ అని వెతుక్కుంటారు. ఇక్కడ రిజిస్టర్ అయిన ఇంటికి హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీలో ఉన్న టైటిల్ రిజిస్టరే హక్కుకి రుజువు. దాన్ని ఎవరైనా తెప్పించుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్టర్‌కి 7 పౌండ్లు, ప్లాన్‌కి ఇంకో 7 పౌండ్లు. అదే పనికి ఎక్కువ గుంజే నకిలీ సైట్లు బోలెడు, జాగ్రత్త. ఓనర్ ఎవరు, ఏ బ్యాంకు లోను ఉంది, స్థలం మీద ఏయే షరతులున్నాయి అన్నది అందులో కనిపిస్తుంది. (టైటిల్ ప్లాన్‌లో పైవైపు ఉత్తరం. వాస్తు చూసుకునేవాళ్లు దిక్సూచి పట్టుకుని తిరగక్కర్లేదు.)

రెండోది, అడ్వాన్సు. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటే సగం ధైర్యం వచ్చినట్టే. ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్నాక కూడా ఎక్స్చేంజ్ (సంతకాలైన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోవడం, బేరం కట్టుబడేది అప్పుడే) జరిగేదాకా ఎవరైనా, ఏ రోజైనా, రూపాయి నష్టపరిహారం ఇవ్వకుండా తప్పుకోవచ్చు. ఆఫర్‌కీ ఎక్స్చేంజ్‌కీ మధ్య మామూలుగా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలాన్ని తగ్గించగలవాడే మంచి సొలిసిటర్. ధర తక్కువా ఎక్కువా అన్నది దాని తర్వాతి మాట.

సంస్థని కాదు, మనిషిని చూడండి

ఈ పని చేసేవాళ్లు రెండు రకాలు. సొలిసిటర్లని ఎస్‌ఆర్‌ఏ (సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ) నియంత్రిస్తుంది, ఆస్తుల కొనుగోలు, అమ్మకాల పనిలో నిపుణులైన లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లని సీఎల్‌సీ (కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్) నియంత్రిస్తుంది. మామూలు ఇంటి కొనుగోలుకి ఎవరైనా ఒకటే. విడాకులు, వారసత్వ తగాదా లాంటి చిక్కు కలిసి ఉంటే సొలిసిటర్ మేలు. ఎవరైనా సరే, వాళ్ల పేరు ఆయా రిజిస్టర్లలో ఉందో లేదో ముందు చూసుకోండి. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉంటే మంచిదే. కానీ ఆ ముద్ర సంస్థకి ఉంటుంది, మీ ఫైలు చూసే మనిషికి కాదు.

మీకు లోనిచ్చే బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఒప్పుకున్న సంస్థల జాబితాలో) ఆ సంస్థ ఉందా అన్నది తప్పకుండా అడగాలి. సొలిసిటర్ మీ తరఫునే కాదు, బ్యాంకు తరఫున కూడా పని చేస్తాడు. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన కోసం వేరే సొలిసిటర్‌ని పెడుతుంది, ఆ ఖర్చూ మీదే, ఆ ఆలస్యమూ మీదే.

ఇక అసలు ప్రశ్నలు. నా ఫైలు చూసేది ఎవరు? ఆయన అర్హత ఏంటి? నేరుగా మాట్లాడే నంబరు ఇస్తారా, లేక కాల్ సెంటరా? ఆయన సెలవులో ఉంటే ఎవరు చూస్తారు? ఇప్పుడు ఆయన చేతిలో ఎన్ని ఫైళ్లున్నాయి? ఈ చివరి ప్రశ్నకి తడబడితే ఆ తడబాటే జవాబు. వందకు పైగా ఫైళ్లు ఒక్కరి మీద మోపే చోట, గట్టిగా అరిచినవాళ్ల ఫైలే కదులుతుంది. రివ్యూలు చదివేటప్పుడు ఐదు నక్షత్రాలవీ ఒక నక్షత్రానివీ పక్కన పెట్టి మూడు నక్షత్రాలవి చదవండి, నిజాలు అక్కడుంటాయి. ఇంకో చిన్న పరీక్ష: కోట్ వచ్చాక ఒక ప్రశ్న మెయిల్ చేయండి. కొత్త క్లయింట్‌ని పట్టుకోవాలనుకునే వారంలోనే నాలుగు రోజులు జవాబు రాకపోతే, డబ్బు కట్టేశాక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తెలుగు మాట్లాడే సొలిసిటరే కావాలని పట్టుబట్టక్కర్లేదు. ఇండియా బ్యాంకు స్టేట్‌మెంట్లు, సేల్ డీడ్లు ఇదివరకు చూసినవాడైతే చాలు.

కోట్‌లో పెద్దక్షరాల్లో కనిపించేది లీగల్ ఫీజు. లోనుతో ఫ్రీహోల్డ్ ఇల్లు (స్థలంతో సహా మీదయ్యేది) కొంటే చాలా చోట్ల వెయ్యి నుంచి రెండు వేల పౌండ్ల మధ్య, పైన 20 శాతం వ్యాట్. ఎవరైనా 600 అంటే కింద చిన్నక్షరాలు చదవండి. లీజ్‌హోల్డ్‌కి (నిర్ణీత ఏళ్ల లీజు మీద కొనేది) అదనం, న్యూ బిల్డ్‌కి (బిల్డర్ దగ్గర కొనే కొత్త ఇల్లు) అదనం, గిఫ్టెడ్ డిపాజిట్ ఇచ్చే ఒక్కో మనిషికి అదనం, లైఫ్‌టైమ్ ఐసాకి (ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా) అదనం, స్టాంప్ డ్యూటీ రిటర్న్ నింపినందుకు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి, ఐడీ చెక్‌కి, విదేశీ డబ్బు పరిశీలనకి... అన్నీ కూడితే 600 కాస్తా పక్క సంస్థ చెప్పిన 1,400 దాటేయొచ్చు. అందుకే కోట్ అడిగేటప్పుడే మీ పరిస్థితంతా చెప్పి, "వ్యాట్‌తో సహా తాళాలు చేతికొచ్చేదాకా మొత్తం ఎంత?" అని రాతలో అడగండి. సెర్చెస్‌కి (కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, లాంటి చోట్ల ఆ ఇంటి వివరాలు తెప్పించడం), ల్యాండ్ రిజిస్ట్రీకి కట్టేవి ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. "నో సేల్, నో ఫీ" అన్నది లీగల్ ఫీజుకే వర్తిస్తుంది. బేరం చెడితే అప్పటికే సెర్చెస్‌కి కట్టిన రెండు మూడు వందలు తిరిగి రావు.

ఇండియా నుంచి వచ్చే డబ్బు

మనవాళ్ల ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మనీ లాండరింగ్ నిబంధనల కింద డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో రుజువులతో చూడటం సొలిసిటర్ బాధ్యత, చూడకపోతే ఆయన లైసెన్సుకే ముప్పు. "మా నాన్నగారి డబ్బే కదా, ఇన్ని ప్రశ్నలేంటి?" అని చిరాకు పడి లాభం లేదు.

జీతంలో దాచుకున్నదైతే సులువు. ఆరు నెలల స్టేట్‌మెంట్లు, పెద్ద మొత్తం ఏదైనా పడితే దానికో కాగితం. కంపెనీ షేర్లు అమ్మితే ఆ అమ్మకం తాలూకు నోట్. అమ్మానాన్నలు ఎఫ్‌డీ తీసి ఇస్తుంటే ఎఫ్‌డీ క్లోజ్ చేసిన రసీదు, ఆ డబ్బు పడ్డ వాళ్ల ఖాతా స్టేట్‌మెంటు, వాళ్ల పాస్‌పోర్టు లేదా ఇతర గుర్తింపు, చిరునామా రుజువు కావాలి. వీటి మీద నోటరీ ధ్రువీకరణ అడగొచ్చు. వీటితో పాటు గిఫ్ట్ లెటర్: ఇది అప్పు కాదు, ఇంటిలో మాకు వాటా అక్కర్లేదు, తిరిగి అడగం అని. ఆ లెటర్‌కి బ్యాంకు సొంత నమూనా ఉంటుంది, అది తీసుకుని నింపించండి. ఇంటర్నెట్‌లో దొరికింది పంపితే మళ్లీ రాయమంటారు.

ప్లాటో పొలమో అమ్మిన డబ్బయితే సేల్ డీడ్ అడుగుతారు. డీడ్ తెలుగులో ఉంటే అనువాదకుడి ధ్రువీకరణతో ఇంగ్లీషు అనువాదం ఇవ్వాలి. డీడ్‌లో రాసిన మొత్తమూ ఖాతాలో పడ్డ మొత్తమూ కలవాలి. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, అసలు ధర ఇంకోటి అయ్యి, తేడా నగదుగా తీసుకుని తర్వాత ఖాతాలో జమ చేసుకున్న సందర్భాలు మనకి కొత్త కాదు. ఆ నగదు భాగం ఈ ఇంటికి పనికిరాదు. దానికి కథ అల్లడం ఇంకా ప్రమాదం. అనుమానం వస్తే సొలిసిటర్ రిపోర్ట్ చేసి తీరాలి. చేసిన సంగతి మీకు చెప్పడం ఆయనకి నేరం. అప్పటిదాకా బాగా మాట్లాడినవాడు ఉన్నట్టుండి ముభావంగా మారి, కారణం చెప్పకుండా ఫైలు ఆపేస్తే వెనక ఉన్నది అదే కావచ్చు.

చిట్టీ డబ్బు సంగతి చాలామంది అడుగుతారు. రిజిస్టర్డ్ చిట్ కంపెనీదైతే పాస్‌బుక్, పాట పాడుకున్న కాగితం, ఖాతాలో జమ చూపిస్తే నడుస్తుంది. కాలనీలో నమ్మకం మీద నడిచే చిట్టీకి చూపించడానికి ఏమీ ఉండదు. స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చి డిపాజిట్‌గా చూపిద్దామంటే, అది అప్పు కాబట్టి బ్యాంకుకి చెప్పాలి. చెబితే చాలా బ్యాంకులు ఒప్పుకోవు.

పంపే దారి కూడా ముందే చూసుకోండి. ఇండియాలో ఉండేవాళ్లు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన గిఫ్టు మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. 30 లక్షలు పంపాలంటే 4 లక్షలు అదనంగా చేతిలో ఉండాలన్నమాట. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. పరిమితి ఒక్కో పాన్‌కి విడిగా లెక్క కాబట్టి అమ్మ డబ్బు అమ్మ, నాన్న డబ్బు నాన్న పంపితే ఇద్దరికీ చెరో 10 లక్షలు. అంతేగానీ పన్ను తప్పించుకోవడానికి బాబాయిలు, మేనత్తలు, వాళ్ల అల్లుళ్ల ఖాతాల్లోంచి ముక్కలుగా పంపిస్తే ఇక్కడ ప్రతి ఒక్కరూ ఒక దాత అవుతారు, ప్రతి ఒక్కరి కాగితాలూ కావాలి. పైగా చాలా బ్యాంకులు దగ్గరి కుటుంబసభ్యుల గిఫ్టునే ఒప్పుకుంటాయి. మీ సొంత ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలకి ఇండియాలో ఉండే రూపాయి ఖాతా) నుంచైతే ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు, ఇండియా ఆదాయపు పన్ను శాఖ అడిగే ఫారాలతో.

డబ్బు ఎక్స్చేంజ్ ముందు వారం కాకుండా, కనీసం ఒకటి రెండు నెలల ముందే మీ యూకే ఖాతాకి చేరేలా చూసుకోండి. ఏ ఖాతా నుంచి ఏ తేదీన ఎంత వచ్చిందో ఒక్క పేజీలో రాసి, వరస క్రమంలో రుజువులు జోడించి సొలిసిటర్‌కి మొదటి వారంలోనే ఇవ్వండి. ఈ ఒక్క పేజీకి ఉన్న బలం వారానికి మూడు ఫోన్లు చేయడానికి లేదు.

స్టాంప్ డ్యూటీ: హైదరాబాద్ ఫ్లాట్ ఇక్కడ లెక్కలోకి వస్తుంది

2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో రేట్లు: మొదటి 1,25,000 పౌండ్లకి సున్నా, అక్కణ్నుంచి 2,50,000 దాకా 2 శాతం, 9,25,000 దాకా 5 శాతం, 15 లక్షల దాకా 10 శాతం, ఆపైన 12 శాతం. మొదటిసారి కొనేవాళ్లకి 3,00,000 దాకా సున్నా, అక్కణ్నుంచి 5,00,000 దాకా 5 శాతం. ధర 5,00,000 దాటితే ఆ రాయితీ మొత్తం పోతుంది. ఇప్పటికే ఇల్లున్నవాళ్లకి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం అదనం.

4,00,000 పౌండ్ల ఇంటికి మొదటిసారి కొనేవాళ్లు కట్టేది 5,000. ఆ అర్హత లేకపోతే 10,000. అదనపు ఇంటి లెక్కలోకి వెళ్తే 30,000.

"మొదటిసారి" అంటే ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు ఇల్లు ఉండకూడదు. కూకట్‌పల్లి ఫ్లాట్ మీ పేరు మీద ఉన్నా, ఎప్పుడో అమ్మేసినా, తాతగారి ఇంట్లో వారసత్వంగా వాటా వచ్చినా మీరు మొదటిసారి కొనేవాళ్లు కారు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. 5 శాతం అదనానికి లెక్క కాస్త వేరు. కంప్లీషన్ (డబ్బంతా కట్టి ఇల్లు చేతికి తీసుకునే) రోజు ముగిసేసరికి మరో ఇంట్లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది పడుతుంది, అది ఏ దేశంలో ఉన్నా సరే. గత మూడేళ్లలో వారసత్వంగా వచ్చిన సగం లేదా అంతకంటే తక్కువ వాటాకి మినహాయింపు ఉంది. మీరుంటున్న సొంతింటిని అమ్మి దాని బదులు ఇంకోటి కొంటున్నా మినహాయింపు ఉంది. ఖాళీ ప్లాటు, పొలం ఇల్లు కిందికి రావు.

"ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది కదా, ఇక్కడిది నా ఒక్కదాని పేరు మీద కొంటే?" అని అడుగుతుంటారు. కలిసి ఉంటున్న భార్యాభర్తలని ఒక్కటిగానే చూస్తారు, అదనం పడుతుంది, మొదటిసారి రాయితీ కూడా పోతుంది. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకి ఇంకోటి: కంప్లీషన్‌కి ముందు పన్నెండు నెలల్లో 183 రోజులైనా యూకేలో లేకపోతే 2 శాతం నాన్ రెసిడెంట్ అదనం.

సొలిసిటర్ మీరు చెప్పింది రాసి రిటర్న్ వేస్తాడు, అంతే. పన్ను సలహా తాము ఇవ్వబోమని ఆయన మొదటి లెటర్‌లోనే రాసి ఉంటుంది, బాధ్యత మీదే. ఇండియాలో ఏ ఆస్తి ఎవరి పేరు మీద ఎంత వాటాతో ఉందో మొదట్లోనే రాతలో చెప్పండి. కడుతున్న ఫ్లాటు, ఉమ్మడి ఆస్తి లాంటి మెలికలుంటే పన్ను సలహాదారుకి కొంత ఫీజు ఇచ్చి అడగడం 20,000 పౌండ్ల ముందు చిన్న ఖర్చు.

ఎంక్వైరీల దశ

అమ్మేవాళ్ల వైపు నుంచి డ్రాఫ్ట్ కాంట్రాక్ట్, టైటిల్ కాగితాలు, టీఏ6 అనే ప్రశ్నావళి, ఏయే సామాను వదిలి వెళ్తున్నారో చెప్పే టీఏ10 వస్తాయి. మీ సొలిసిటర్ సెర్చెస్ పెట్టి, అనుమానాలన్నీ ఎంక్వైరీలుగా అవతలికి పంపుతాడు. కౌన్సిల్‌ని బట్టి సెర్చ్ కొన్ని రోజుల్లో రావొచ్చు, వారాలూ పట్టొచ్చు.

గుర్తుంచుకోవాల్సింది, సొలిసిటర్ ఆ ఇంటిని చూడడు. టైటిల్ ప్లాన్‌లో ఎర్ర గీత ఎక్కడుందో, నిజం కంచె ఎక్కడుందో మీరే వెళ్లి పోల్చాలి. వెనక గ్యారేజీ గీతలోపల ఉందా? పక్కింటితో కలిసి వాడే దారికి హక్కు రాసి ఉందా? తేడా కనిపిస్తే ఫోటో తీసి పంపండి. అలాగే బ్యాంకు చేయించే వాల్యుయేషన్ సర్వే కాదు, అది బ్యాంకు తన డబ్బు కోసం చూసుకునేది. మామూలు ఇంటికి ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల సంస్థ) లెవెల్ 2, పాతదో బాగా మార్పులు చేసిందో అయితే లెవెల్ 3 సర్వే మీ ఖర్చుతో చేయించుకోవాలి.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. అటక మీద గది కట్టారు, లేదా వెనక్కి ఎక్స్‌టెన్షన్ వేశారు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్ లేదు. అవతలివాళ్లు "ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఇస్తాం" అంటారు. ఈ మాట వినగానే మనకొచ్చే బుద్ధి కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుందామని. చేయకండి. కౌన్సిల్‌తో ఆ ఇంటి గురించి ఎవరైనా మాట్లాడితే ఆ పాలసీ సాధారణంగా దొరకదు. అలా ఒక్క ఫోన్‌తో బేరాలు చెడిపోతుంటాయి. ఇంకో సంగతి, ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే నష్టానికే. దూలం సరిగ్గా వేయక పైకప్పు కుంగితే అది పైసా ఇవ్వదు. కాబట్టి కాగితం సంగతి సొలిసిటర్‌కి, దూలం సంగతి సర్వేయర్‌కి వదిలి, ఇద్దరి జవాబులూ వచ్చాకే నిర్ణయం తీసుకోండి. 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకి ఫెన్సా సర్టిఫికెట్ (ఆ పని నిబంధనల ప్రకారం జరిగిందన్న కాగితం), బాయిలర్‌కి గ్యాస్ సేఫ్ కాగితం కూడా ఇలాగే అడుగుతారు. అవి లేనంత మాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు.

ఫ్లాట్ అయితే లీజ్‌హోల్డ్. లీజు 80 ఏళ్లకి దగ్గర పడుతుంటే ఆగి ఆలోచించండి. అది దాటి కిందికి పోతే పొడిగింపు ఖరీదు పెరుగుతుంది, అమ్మడమూ కష్టం. 2025 జనవరి 31 నుంచి రెండేళ్లు ఓనర్‌గా ఉండాలన్న నిబంధన తీసేశారు కాబట్టి కొన్న వెంటనే పొడిగింపు అడగొచ్చు. మూడేళ్ల సర్వీస్ ఛార్జి లెక్కలు, పెద్ద మరమ్మతులకి సెక్షన్ 20 నోటీసు ఇచ్చారా, గ్రౌండ్ రెంట్ (స్థలం ఓనర్‌కి కట్టే అద్దె) ఎన్నేళ్లకి ఎంత పెరుగుతుంది అన్నవి అడిగించండి. ఎత్తు బిల్డింగైతే క్లాడింగ్ (బయటి గోడల తొడుగు) అగ్నిప్రమాద భద్రత గురించి ఈడబ్ల్యుఎస్1 ఫారం బ్యాంకు అడగొచ్చు. ఇవన్నీ ఉండే మేనేజ్‌మెంట్ ప్యాక్‌ని అమ్మేవాళ్లు డబ్బు కట్టి తెప్పించాలి. చాలామంది కొనేవాడు గట్టిగా అడిగేదాకా ఆర్డరే చేయరు. అక్కడే నెల పోతుంది. మొదటి రోజే ఏజెంట్‌తో ఆర్డర్ చేయించండి.

న్యూ బిల్డ్‌లో తొందర అటు నుంచి వస్తుంది. రిజర్వేషన్ కట్టాక 28 రోజుల్లో ఎక్స్చేంజ్ చేయాలంటారు, తమ సొలిసిటర్‌ని పెట్టుకుంటే బహుమతులంటారు. బయటివాళ్లని పెట్టుకుని గడువు పెంచమని అడగడం మేలని నా అభిప్రాయం, ఇల్లు ఖాళీగా ఉంటే బిల్డర్ సాధారణంగా పెంచుతాడు. ఫ్రీహోల్డ్ ఇల్లే అయినా ఎస్టేట్ ఛార్జీ (కాలనీ రోడ్లు, పార్కుల లాంటివాటి నిర్వహణకి కట్టేది) ఉండొచ్చు, అది ఎంత, ఎవరికి, పెరుగుదలకి హద్దుందా? రోడ్లని కౌన్సిల్ తీసుకోవడానికి సెక్షన్ 38 ఒప్పందం, మురుగు పైపులకి సెక్షన్ 104 ఒప్పందం కుదిరాయా? ఇల్లు పూర్తయ్యేసరికి మీ మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు మిగిలుంటుందా?

వెంటపడటానికి కూడా పద్ధతి ఉంది. రోజూ "అప్‌డేట్ ఏంటి?" అంటే జవాబు రాదు. వారానికోసారి, "ఏయే ఎంక్వైరీలు మిగిలాయి, ఏది ఎవరి దగ్గర ఆగింది?" అని రాయండి. అవతలివైపు ఆగితే ఏజెంట్‌ని కదపండి. ఇల్లు అమ్ముడైతేనే ఏజెంట్‌కి కమిషన్, ఆయన ఫోన్‌కి ఉన్న వేగం సొలిసిటర్ మెయిల్‌కి ఉండదు.

ఎక్స్చేంజ్, కంప్లీషన్, ముహూర్తం

సంతకాల దశలో రెండు పేర్ల మీద కొనేవాళ్లని జాయింట్ టెనెంట్స్‌గానా, టెనెంట్స్ ఇన్ కామన్‌గానా అని అడుగుతారు. మొదటిదాంట్లో ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండోవాళ్లకి, వీలునామా రాసినా సరే. రెండోదాంట్లో ఎవరి వాటా వాళ్లది. ఒకవైపు తల్లిదండ్రులు పెద్ద మొత్తం ఇచ్చి ఉంటే, లేదా అన్నదమ్ములు కలిసి కొంటుంటే, రెండోది ఎంచుకుని డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఎవరి వాటా ఎంతో చెప్పే పత్రం) రాసుకోండి. మార్ట్‌గేజ్ డీడ్ మీద సంతకం చేసేటప్పుడు బంధువు కాని మేజరు ఒకరు సాక్షిగా ఎదురుగా ఉండాలి, వీడియో కాల్ కుదరదు. చాలా బ్యాంకులు పెన్ సంతకమే అడుగుతాయి. ఆ వారాల్లో ఎవరైనా ఇండియా వెళ్తుంటే ముందే చెప్పండి, లేకపోతే కొరియర్ కోసం గొలుసులో (ఒకరి కొనుగోలు మీద ఇంకొకరి అమ్మకం ఆధారపడ్డ వరసలో) ఉన్న నాలుగిళ్లవాళ్లు కూర్చోవాలి.

ఎక్స్చేంజ్ ఇద్దరు సొలిసిటర్ల మధ్య ఫోన్‌లో జరుగుతుంది. అప్పుడు కట్టేది మామూలుగా 10 శాతం. ఆ క్షణం నుంచి తప్పుకుంటే ఆ డబ్బు పోతుంది. 5 శాతానికి ఒప్పుకున్నా, మాట తప్పితే మిగతా 5 శాతానికీ సాధారణంగా మీరే బాధ్యులు. బిల్డింగ్ ఇన్సూరెన్స్ కూడా మామూలుగా ఆ రోజు నుంచే మీ పేరు మీద ఉండాలి, తాళాలు వచ్చిన రోజు నుంచి కాదు.

కంప్లీషన్ తేదీని ముహూర్తానికి ముడిపెట్టకండి. ఆషాఢమనో మూఢమనో ఆగమంటే గొలుసులో ఉన్నవాళ్లకి అర్థం కాదు, ఒక్కోసారి బేరమే పోతుంది. పైగా డబ్బు ఒక సొలిసిటర్ నుంచి ఇంకొకరికి చేరి తాళాలు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, పొద్దున ఏడింటి ముహూర్తం ఆ రోజు ఎలాగూ కుదరదు. తాళాలు తీసుకుని పక్కన పెట్టుకోండి, పాలు పొంగించడం మంచి రోజు చూసి చేసుకోవచ్చు. శుక్రవారం కంటే వారం మధ్య రోజు మేలు. శుక్రవారం డబ్బు ఆగితే సామాను లారీలో పెట్టుకుని సోమవారం దాకా చూడాలి.

డబ్బు పంపే రోజుల్లో మోసం ఒకటి కాచుకుని ఉంటుంది. సొలిసిటర్ పేరుతోనే, అదే మెయిల్ వరసలో, "మా బ్యాంకు వివరాలు మారాయి" అని వస్తుంది. నమ్మకండి. మొదట్లో వాళ్లు కాగితం మీద ఇచ్చిన నంబరుకి మీరే ఫోన్ చేసి ఖాతా నంబరు చదివి సరిచూసుకోండి. ముందు ఒక్క పౌండ్ పంపి, అందిందని విన్నాకే మిగతాది. మెయిల్ కింద ఉన్న నంబరుకి చేస్తే మోసగాడే ఎత్తుతాడు.

తాళాలు వచ్చాక స్టాంప్ డ్యూటీ రిటర్న్, పన్ను 14 రోజుల్లో వెళ్లాలి. సొలిసిటర్ పంపాడో లేదో అడిగి ఎస్‌డీఎల్‌టీ5 సర్టిఫికెట్ (పన్ను రిటర్న్ అందిందన్న రుజువు) కాపీ తీసుకోండి. పనితీరు మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆ సంస్థకే రాతలో ఇవ్వాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు మారడానికి నెలలు పట్టొచ్చు, న్యూ బిల్డ్‌కి ఇంకా ఎక్కువ. అది వచ్చాక పేర్లు ఒక్కో అక్షరం చూడండి. ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారడం, పాస్‌పోర్టులో విప్పి రాసిన ఇనీషియల్ బ్యాంకులో ఒక్క అక్షరంగా ఉండటం మనకి మామూలే. ఇక్కడ ఆ తేడా ఉంటే అమ్మేటప్పుడు ప్రమాణపత్రం ఇమ్మంటారు. అద్దెకిచ్చి వేరే చోటికి వెళ్తే నోటీసుల చిరునామా మార్పించండి, ఈమెయిల్ కూడా చేర్చొచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీ ప్రాపర్టీ అలర్ట్ ఉచితం. మీ ఇంటి మీద ఎవరైనా దరఖాస్తు పెడితే మెయిల్ వస్తుంది, ఒక ఖాతాలో పది ఇళ్ల దాకా పెట్టుకోవచ్చు.